ఇసుక కింద అడుగులు

నా భార్య బెతాన్‌ని చంపింది ఎమ్లిన్. విచారణలో ఏం తేల్చారో, చర్చిలో ఏమనుకున్నారో నాకు అనవసరం.

మాది అబర్‌వెన్. నది సముద్రంలో కలిసే మొగ దగ్గరి ఊరు. ఆటుకి నీళ్ళు రెండు మైళ్ళు వెనక్కి పోతాయి. మా ఆడవాళ్ళు ఆ ఇసుకని దంతెలతో గీకి గుల్లలు ఏరతారు. పోటు తిరిగే వేళకి రేవులో గంట మోగాలి. అప్పట్లో ఆ పని ఎమ్లిన్‌ది. పోట్ల పట్టికలో ఏడాది పొడుగునా చలికాలపు టైమే ఉంటుంది. మార్చి ఆఖరి ఆదివారం ఊళ్ళో గడియారాలు వేసవి టైముకి ముందుకు తిప్పాక, పట్టికకి అరవై నిమిషాలు కలుపుకోవాలి. ఆ ఏడు ఎమ్లిన్ ఒకరోజు ముందే, శనివారమే కలిపాడు. రేవు గంట అరవై నిమిషాలు ఆలస్యంగా మోగింది. మిగతావాళ్ళు నీళ్ళు చూసి పరుగెత్తుకొచ్చారు. బెతాన్ దూరపు మేట మీద ఒక్కతే ఉంది. గంట మోగుతుందని నమ్మి, వంచిన తల ఎత్తలేదు. ఆమె దంతె మూడో రోజు దొరికింది. ఆమె ఐదో రోజు.

పదకొండేళ్ళు నేను ఇసుక తొక్కలేదు. ఎమ్లిన్‌తో మాట్లాడలేదు. ఇద్దరం ఒకే బల్ల మీద చదువుకున్నవాళ్ళం.

ఈ మార్చిలో తుఫాను ఇసుకనంతా ఊడ్చేసింది. ఎప్పుడో సముద్రంలో మునిగిపోయిన పాత అడవి మొద్దుల అవతల, బంకమట్టిలో ఎప్పటివో మనుషుల అడుగులు బయటపడ్డాయన్నారు. మర్నాడే ఎమ్లిన్ కర్ర తాటించుకుంటూ నా గుమ్మంలోకి వచ్చాడు. అతని కళ్ళు పోయి మూడేళ్ళయింది.

"ఒరేయ్ గ్విలిమ్, ఆ అడుగుల దగ్గరికి తీసుకెళ్ళరా. రెండు పోట్లు పడితే చెరిగిపోతాయి."

"నీ కూతురు లేదా?"

"నాకేమన్నా అవుతుందని దానికి భయం. ఊరందరికీ అదే భయం. నీకా బెంగ లేదు కదా!"

నిజమే, లేదు. అక్కడే వదిలేసి రావాలని అప్పుడే అనుకున్నాను. 'ఇక్కడే ఉండు, పాయ చూసొస్తా' అంటే చాలు. మిగతాది పోటు చూసుకుంటుంది.

బెతాన్ దంతె తీశాను. దంతె కర్ర ఒక కొస అతనికిచ్చి, రెండోది నేను పట్టుకున్నాను. అతని చెయ్యి తాకడం నాకిష్టం లేదు.

రేవులో మైవాన్వీ ఎండుద్రాక్షల రొట్టె తింటూ కూర్చుంది. ఇప్పుడు గంట కొట్టేది ఆమే.

"ఏమయ్యోయ్, ముసలి పెళ్ళికొడుకులిద్దరూ ఎక్కడికి ఊరేగింపు?"

"నీకు సంబంధం చూడ్డానికి," అన్నాడు ఎమ్లిన్.

"నువ్వు చూస్తే నాకు దొరికినట్టే! ఒంటిగంటకి కొడతా. ఆలోగా వచ్చి చావండి."

మొదటి మేట దాటగానే నిలబడిపోయాను. ఈ ఇసుక ఎంత పెద్దదో మరిచిపోయాను. తడి మీద ఆకాశం మొత్తం పడుకుని ఉంది. మబ్బుల మీద కాలు మోపి నడిచాం. చప్పుడు లేదు. సముద్రం ఎక్కడో చివర తెల్లటి గీత. మొద్దులు వేళ్ళతో సహా నల్లగా నిలబడి ఉన్నాయి, బెరడైనా ఊడకుండా, నిన్న నరికినట్టు. వాటి అవతల అడుగులు.

ఎమ్లిన్ మోకాళ్ళ మీద కూలబడి వేళ్ళతో తడిమాడు.

"ఆడమనిషిరా. పక్కన ఎవరో చిన్న బిడ్డ." పాకుతూ ముందుకెళ్ళాడు. "ఇక్కడ చిన్న అడుగులు ఆగిపోయాయి." మళ్ళీ పెద్ద అడుగులో చెయ్యి దించాడు. "ఇక్కణ్ణుంచి పెద్ద అడుగు లోతుగా దిగింది. బిడ్డని ఎత్తుకుందిరా గ్విలిమ్."

నేనూ వంగి చూశాను. మడమ జారిన చోట మట్టి ఉబికి ఉంది. బొటనవేలి గుంటలో నీళ్ళు నిలిచి, ఆ నీళ్ళలో మబ్బు కదులుతోంది. వేల ఏళ్ళ కిందటి అడుగు, ఇంకా మెత్తగా ఉంది. అడుగులన్నీ ఒడ్డు వైపుకే. ఆమెకి గంట కొట్టినవాళ్ళు లేరు. పది అడుగుల తర్వాత ఇసుక కప్పేసింది. చేరిందో లేదో తెలియదు. టోపీ తీసేశాను. చర్చిలో కూడా అంత చప్పున ఎప్పుడూ తీయలేదు.

దూరాన తెల్ల గీత వెనక్కి జరగడం దాదాపు ఆగింది. దంతె నా వైపు లాక్కున్నాను.

ఎమ్లిన్ ఆ లోతైన అడుగులోంచి చెయ్యి తీయలేదు. "ఇక పో, గ్విలిమ్. నేను అరవను," అన్నాడు.

అంటే తెలిసే వచ్చాడు. 'ఇక్కడే ఉండు' అన్న మాట నా నోట్లోంచి రాలేదు. ఆ చెయ్యి ఆ తల్లి అడుగులో ఉండగా రాలేదు.

"లే," అన్నాను. దంతె కర్ర కొస అతని భుజానికి తాకించాను. "పట్టుకో."

పాయలో మోకాలి లోతున ఉండగా గంట మోగింది.

"వేళకే కొట్టింది," అన్నాడు వెనక నుంచి. నేను తిరిగి చూడలేదు.

రేవులో చెయ్యి చాపాడు. నేను పట్టుకోలేదు. దంతె కడుక్కుని ఇంటికొచ్చాను. బెతాన్‌ని చంపింది అతనే, అది మారదు. అడుగులు రెండో పోటుకి పోయాయట. మర్నాడు ఎమ్లిన్ తలుపు తట్టాడు. తీయలేదు. మైవాన్వీ అడిగితే చెప్పలేదు. ఇలా ఒక్కసారి రాశాను, అంతే. దీని గురించి ఇక నేను ఎవరితోనూ నోరు విప్పను.