పక్క సీటు మెడ

కృపావతి హెల్మెట్ తీసి కారు బానెట్ మీద పెట్టింది. భుజాల మీదున్న నల్లటి చట్రాన్ని కూడా తీసి దాని పక్కనే పెట్టింది. స్టార్టు గీత దగ్గర వరసలో వాళ్ల ముందు ఇంకా నాలుగు కార్లే ఉన్నాయి.

"ఏటమ్మా ఇది? మన నంబరు వచ్చేస్తంది, బేగి ఎక్కు," అన్నాడు సర్వేశ్వరరావు. నర్సీపట్నంలో టైర్ల షాపు ఆయనది. ఆ కారూ ఆయనదే.

"సోంబరన్నకి కూడా ఇలాటిది తెప్పించండి. అప్పుడెక్కుతాను."

"రేపు వస్తంది, బస్సులో ఏసేరని సెప్పాను కదా."

"మొన్నా రేపే అన్నారు, నిన్నా రేపే అన్నారు. కొన్నది ఒకటేనని మీ మెకానిక్కు ఇప్పుడే సెప్పేసాడు."

2007 జనవరి. చింతపల్లి ఘాట్‌లో కార్ల ర్యాలీకి రెండు రోజుల పాటు రోడ్డు మూసేశారు. ఆ రోడ్డు మీద కృపావతి ఎనిమిదేళ్లుగా షేర్ జీపు తోలుతోంది. లోపల పద్నాలుగు మందిని, వెనక బంపరు మీద నలుగురిని ఎక్కించుకుని, పొగమంచులో హారన్ చప్పుడును బట్టే ఎదురొచ్చే బండిని పోల్చుకునే మనిషి. సోంబరు ఆమె తండ్రి కాలం నుంచీ ఆ జీపుకి క్లీనరు. యాభై దాటాయి. ర్యాలీలో ఆయనే నావిగేటరు, పక్క సీట్లో కూర్చుని, రాబోయే మలుపు ఎంత వంపో ముందే అరిచి చెప్పాలి. చదువు అంతంతమాత్రం కాబట్టి మలుపులన్నిటినీ సొంత గుర్తులతో నోటుబుక్కులో గీసుకున్నాడు.

రెండేళ్ల కింద ఇదే ర్యాలీలో, ఇదే రోడ్డు మీద, అలాంటి పక్క సీట్లోనే కృపావతి అన్న ఫల్గుణ పోయాడు. కారు కల్వర్టు గోడని గుద్దింది. ముందు భాగం కాస్త నలిగింది, అంతే. డ్రైవరు తలుపు తీసుకుని నడిచి బయటికొచ్చాడు. ఫల్గుణ బెల్టు తెగలేదు, ఒంటి మీద నెత్తురు చుక్క లేదు. మెడ చుట్టూ కట్టిన ఫోమ్ కాలరు ఉన్నచోటే ఉంది. పరుగెత్తుకొచ్చిన కృపావతి, నిద్రపోతున్నాడేమో అనుకుని చెంప మీద తట్టింది. రెండోసారి తట్టినప్పుడు తల ఒరిగిన తీరు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

విశాఖలో పెద్ద డాక్టరు ఆమెకి ఓపిగ్గా చెప్పాడు. కారు ఆగిపోతే బెల్టు ఒంటిని ఆపుతుంది, తలని ఆపేది ఏదీ లేదు. హెల్మెట్ బరువుతో కలిసి తల ముందుకి దూసుకుపోతుంది. పుర్రె మెడకి అతికే చోట విరుగుతుంది. ఫోమ్ కాలరు మెడ నొప్పికి పనికొస్తుంది తప్ప తలని ఆపలేదు. హాన్స్ అని ఒకటుంది, చట్రంలా భుజాల మీద కూర్చుంటుంది, సీటు బెల్టులు దాని మీంచి పోతాయి. దాని నుంచి రెండు పట్టీలు హెల్మెట్‌కి చెరో పక్కా బిగిస్తారు. అప్పుడు తల ఒంటితో పాటే ఆగుతుంది.

అందుకే సర్వేశ్వరరావు కారు తోలమని అడిగినప్పుడు ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది, హాన్స్‌లు రెండు కావాలని. ఆయన సరేనన్నాడు.

"నావిగేటర్లందరూ ఫోమ్ కాలర్లే కదా కట్టుకున్నారు," అన్నాడు ఇప్పుడు. "ఇది ఉండాలని రూల్లో కూడా లేదు. స్టీరింగు పట్టేది నువ్వు. సోంబరు కూర్సుని కాగితం సూసేవోడే కదా."

"బండి ఆగితే ఇద్దరం ఒకేపాలి ఆగుతాం బాబూ. నా కళ్లు రోడ్డు మీదుంటాయి, దెబ్బ వస్తందని నాకు ముందే తెలుస్తది. సోంబరన్న తల కాగితం మీదకి వంచుకునుంటాడు. తెలిసేలోగా అయిపోద్ది."

మెకానిక్కు ఒక ఉపాయం చెప్పాడు. హెల్మెట్‌కి బెల్టు ముక్క బిగించి సీటు వెనక్కి లాగి కట్టేస్తే సరిపోతుందట.

"ఒళ్లు ముందుకెళ్లి, తల సీటుకాడ ఉండిపోద్ది," అంది కృపావతి. "అంతకంటే తాడేసి ఉరి తియ్యండి."

సోంబరు ఇబ్బందిగా దగ్గరకొచ్చాడు. "అమ్మీ, ఎక్కేద్దాం లే. బంపరు మీద ఇరవయ్యేళ్లు నిలబడ్డోణ్ని, నాకేటవుద్ది?"

"నువ్వెక్కితే ఎక్కు. నేను మాత్రం తోల్ను."

వాళ్ల నంబరు పిలిచారు. ఆలస్యమైన ప్రతి నిమిషానికి పది సెకన్ల పెనాల్టీ, అరగంట దాటితే పోటీలోంచే తీసేస్తారు. సర్వేశ్వరరావు ముఖం ఎర్రబడింది. "ఈ గుంట కాకపోతే డ్రైవర్లే దొరకరా? సోంబరూ, నువ్వెక్కు. ఇంకోణ్ని పిలుత్తాను."

సోంబరు నోటుబుక్కు మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. "అమ్మీ లేకపోతే నేనూ ఎక్కను బాబూ. ఈ గుర్తులు ఇంకోడికి తెలవ్వు."

కార్లు ఒక్కొక్కటే వాళ్లని దాటుకుని వెళ్లిపోతున్నాయి. కృపావతి బానెట్‌కి ఆనుకుని చేతులు కట్టుకుంది. ఆమెకి ఆ రోడ్డు మీద తోలాలని ఉంది, మనిషిలా కాక గాలిలా ఒక్కసారైనా ఆ మలుపులు దాటాలని ఉంది. అయినా అక్కణ్నించి కదల్లేదు.

అప్పుడొచ్చాడు మణిదీప్. విశాఖ డ్రైవరు. పొద్దున్నే అతని కారు ఇంజిన్ పోయింది. చేతిలో హెల్మెట్, దానికి వేలాడుతూ హాన్స్. "అక్కా, నాకెలాగూ ఈ రోజుకి పని లేదు. ఈయనకి పడుతుందేమో చూడండి."

పట్టీల కొక్కేలున్న ఆ హెల్మెట్ సోంబరుకి బిగుతైంది. "సెవులు నలిగితే నలిగాయిలే," అన్నాడు లోపల్నించి. తనిఖీ అధికారి వచ్చి, పట్టీలు లాగి చూసి, బెల్టులు సరిగా కూర్చున్నాయో లేదో చూసి తలూపాడు. పంతొమ్మిది నిమిషాల ఆలస్యంతో జెండా ఊపారు.

కాఫీ తోటలు, వాటి మీద నీడ కాసే చెట్లు, మిరియాల తీగలు అన్నీ కలిసి ఒకే ఆకుపచ్చ గోడలా వెనక్కి పోయాయి. "ఎడం, ముసల్ది!" అని అరుస్తున్నాడు సోంబరు. ముసల్దంటే నడుం వంగిన మలుపు. "కుడి, తిన్నంగా, తొక్కమ్మీ తొక్కు!" ఫల్గుణ పోయిన కల్వర్టు దగ్గర కృపావతి కాలు తీయలేదు. పళ్లు బిగించి, ఇంకాస్త తొక్కింది.

ఆ విడత పరుగులో అందరికంటే తక్కువ సమయం వాళ్లదే. మూడు నిమిషాల పది సెకన్ల పెనాల్టీ కలిపేసరికి ఆరో స్థానానికి దిగిపోయారు.

"నీ మొండితనానికి ట్రోఫీ పోయింది," అన్నాడు సర్వేశ్వరరావు. "రేపట్నించి నా కారు ముట్టుకోకు."

"ముట్టుకోను," అని హాన్స్ ఆయన చేతిలో పెట్టింది. రోడ్డు తెరవగానే జీపు స్టాండులో "లంబసింగి, లంబసింగి" అని కేకలేస్తూ ఎప్పటిలా నిలబడింది.

నెల తర్వాత ర్యాలీ క్లబ్బు వాళ్లు నర్సీపట్నంలో సమావేశం పెట్టుకున్నారు. కృపావతిని ఎవరూ పిలవలేదు. అయినా సోంబరుని వెంటబెట్టుకుని వెళ్లింది.

"మీరు సభ్యులా?" అని అడిగాడు కార్యదర్శి.

"కాదు. ఫల్గుణ చెల్లెల్ని."

ఆమె ఎక్కువ మాట్లాడలేదు. డాక్టరు చెప్పిందే చెప్పింది. పక్క సీటుకి హాన్స్ లేకపోతే వచ్చే ఏడు ఎవరు ఎక్కుతారో చెయ్యెత్తమంది. నావిగేటర్లు పదకొండు మంది ఉన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. సర్వేశ్వరరావు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

కార్యదర్శి పక్కవాళ్లతో గుసగుసలాడి, పెన్ను తీసుకుని రాసి, పైకి చదివాడు. "పోటీలో పాల్గొనే ప్రతి కారులో డ్రైవరు హాన్స్ ధరించవలెను."

"డ్రైవరని రాసారు," అంది కృపావతి. "ఇద్దరూ అని రాయండి."

"కారు అన్నాక ఇద్దరనే అర్థం కదమ్మా."

"అర్థమయ్యేదైతే మా అన్న ఇంటికాడ ఉండేవోడు. రాయండి."

ఆయన కొట్టేసి మళ్లీ రాశాడు. ఆమె టేబుల్ దగ్గరికి వెళ్లి, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుంది. తర్వాతే కుర్చీలో కూర్చుంది.