కుడి చేతి కొలత

మార్చి నెల వచ్చిందంటే షానా ప్రూయిట్‌కి ఊపిరాడేది కాదు. హార్లో ఊరి నడివీధిలో డ్రైక్లీనింగ్ షాపు, ఆ షాపు కిటికీ పక్కన ఆమె కుట్టుమిషను. మిగతా ఏడాదంతా ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం. మార్చి నుంచి జూలై దాకా మాత్రం బేస్‌బాల్ ఆడే పిల్లల చొక్కాలే. అందులోనూ బంతి విసిరే పిల్లలవి. రోజూ విసురుతుంటే చెయ్యి సాగుతుంది కదా! ఒక్కో బంతికి వెంట్రుకవాసి చొప్పున సాగి, వంద బంతులయ్యేసరికి మణికట్టు చొక్కాలోంచి బయటికి తొంగి చూస్తుంది. నాలుగు రోజులు ఊరుకుంటే మళ్లీ యథాస్థానానికి వస్తుంది.

"మావాడిది ముప్పావు అంగుళం దించమ్మా షానా," అనేవాళ్లు తల్లులు, పిల్లాడికి బూట్లు బిగువయ్యాయని చెప్పినంత మామూలుగా.

ఆ ఏడు షానాని విసిగించింది వాళ్ల చొక్కాలు కాదు, సొంత కొడుకు చొక్కా. వెస్టన్‌కి పదమూడేళ్లు. ఊళ్లో వాడంత వేగంగా విసిరేవాడు లేడు. అందుకే వాడు మూడు జట్లలో ఉన్నాడు. మంగళవారం బడి జట్టు, గురువారం ఊరి జట్టు, శనాదివారాలు సిటీ జట్టు.

ఒక పొద్దున టిఫిన్ తింటూ వెస్టన్ కుర్చీలోంచి లేవకుండానే బల్ల అవతలి చివరనున్న పాలజగ్గు అందుకున్నాడు.

"లేచి తీసుకోరా," అంది షానా.

"అందుతుంటే లేవడమెందుకమ్మా?"

జగ్గు ఎత్తబోయి ఆగాడు. ఎడమచేత్తో పట్టుకుని వంచుకున్నాడు. వారం రోజులుగా తల కూడా ఎడమచేత్తోనే దువ్వుకుంటున్నాడని షానా చూస్తూనే ఉంది.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"మరి ఆ చెయ్యి?"

"ఏ చెయ్యి?" అని బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయాడు.

వాడు బడికి వెళ్లాక షానా షాపుకి పోకుండా బడి కోచ్ దగ్గరికి వెళ్లింది. ఆయన నోట్‌బుక్ తీసి చూపించాడు. మంగళవారం అరవై ఎనిమిది బంతులు. నిబంధన ప్రకారం తొంభై ఐదు దాకా వేయించొచ్చు. "నేను ఏనాడూ దాటించలేదమ్మా," అన్నాడు. నిజమే.

ఊరి జట్టు కోచ్ ఆమె తమ్ముడు డెల్. "నావి యాభై ఐదే అక్కా. అంతకుమించి ఒక్కటి వేయించినా నన్నడుగు," అన్నాడు. అదీ నిజమే.

సిటీ జట్టు కోచ్ రస్క్‌కి ఫోన్ చేసింది. "మా దగ్గర రోజుకి ఎనభై దాటవు మేడమ్. అంతా పద్ధతి ప్రకారమే," అన్నాడాయన.

"రెండున్నర అంగుళాలు సాగిందండీ వాడి చెయ్యి."

"సీజన్ కదా, సాగుతుంది. అయినా పొడుగు చెయ్యి మంచిదేగా! బంతిని ఇంకాస్త ముందుకొచ్చి వదుల్తాడు."

ఫోన్ పెట్టేశాక షానాకి చేతిలో ఉన్న టేపుని ముక్కలు చెయ్యాలనిపించింది. ముగ్గురూ అబద్ధం ఆడలేదు. ముగ్గురూ లెక్క తప్పలేదు. ఆ మూడు లెక్కలూ కలిపి కూడేవాడే ఎక్కడా లేడు. లీగ్ ఆఫీసుకి ఉత్తరం రాస్తే, ఏ జట్టు బాధ్యత ఆ జట్టుదేనని రెండు వాక్యాల్లో జవాబొచ్చింది. ఒక శనివారం వాణ్ణి పంపనని మొండికేసింది. కానీ విడాకులప్పుడు కోర్టు చెప్పిన ప్రకారం శనాదివారాలు వాళ్ల నాన్నవి. ఆయన కారులో వచ్చి, "పిల్లాడి భవిష్యత్తుకి అడ్డుపడకు," అని తీసుకెళ్లిపోయాడు. వెస్టన్ వెనక సీట్లోంచి తల కూడా తిప్పలేదు.

ఏప్రిల్‌లో వానలు పట్టుకున్నాయి. పది రోజులు మైదానాలన్నీ బురద. వెస్టన్ ఒక్క బంతి కూడా వెయ్యలేదు. పదో రోజు వాడు సోఫాలో పడి నిద్రపోతుంటే షానా టేపు తెచ్చి భుజం నుంచి మణికట్టు దాకా కొలిచింది. మళ్లీ కొలిచింది. అదే కొలత. చెయ్యి వెనక్కి రాలేదు.

గొడుగు కూడా తీసుకోకుండా తమ్ముడి దగ్గరికి నడిచింది. డెల్ స్కూలు బస్సు డ్రైవరు. షెడ్డులో బస్సు కడుగుతున్నాడు. కుడిచెయ్యి మోకాళ్ల దాకా వేలాడే మనిషి. పదిహేడేళ్ల వయసులో సాగిన ఆ చెయ్యి మరి వెనక్కి రాలేదు. నేల మీద నిలబడే బస్సు పైకప్పు రుద్దుతున్నాడు.

"చూశావా అక్కా, నిచ్చెన ఖర్చు లేదు నాకు," అన్నాడు నవ్వుతూ.

"ఒరేయ్ డెల్, వాడి చెయ్యి వెనక్కి రాలేదురా."

"వస్తుందిలే. ఎన్నాళ్లయింది?"

"పది రోజులు. ఒక్క బంతి వెయ్యలేదు."

డెల్ చెయ్యి బస్సు పైకప్పు మీదే ఆగిపోయింది. కిందపడిన పైపులోంచి నీళ్లు ఇద్దరి బూట్లలోకీ పారుతున్నాయి.

"నాకు కూడా ముందు పది రోజులే..." అన్నాడు. కొళాయి కట్టేసి వచ్చాడు. "నా జట్టులో ఇక వేయించను. బడి కోచ్‌తో కూడా నేను మాట్లాడతాను," అన్నాడు.

"రస్కో?"

"వాడు నా మాట వినడక్కా. పొడుగోడా అంటాడు నన్ను."

ఆ శనివారం సిటీ జట్టు ఆట హార్లోలోనే. గెలిస్తే రాష్ట్ర పోటీలకి వెళ్తారు. శుక్రవారం సాయంత్రం వాళ్ల నాన్న వెస్టన్‌ని తీసుకెళ్లడానికి వచ్చి, చొక్కా షానా ఒళ్లో పడేశాడు. "పొద్దున్నే కావాలి. చెయ్యి దించాలట." ఎండకి కమిలిపోకుండా ఆ జట్టు పొడుగు చేతుల చొక్కాలే వేసుకుంటుంది. మామూలుగా షానా రెండు చేతులూ సమానంగా దించి, ఎడమ మణికట్టు దగ్గర ఎలాస్టిక్ వేసి, జారిపోకుండా చూసేది. చొక్కా చేతులు రెండూ ఒకే పొడుగుండాలని ఆటలో నిబంధన. ఆ రోజు మాత్రం కుడిచెయ్యి మూడంగుళాలు దించింది. ఎడమచేతిని ఉన్నదున్నట్టు ఇస్త్రీ చేసి, మడిచి, కవర్లో పెట్టింది.

అంపైర్ ఆర్విల్ టాకెట్ అనే పెద్దాయన. నలభై ఏళ్లు పోస్టాఫీసులో పనిచేసి, తక్కువ స్టాంపులంటించిన ఒక్క కవరూ దాటనివ్వని మనిషి. వెస్టన్ మైదానం మధ్యకి నడుస్తుంటే చెయ్యెత్తి ఆపాడు.

"చొక్కా చేతులు సమానంగా లేవు."

రస్క్ పరుగెత్తుకొచ్చాడు. "మడతపెడతాం సార్."

"మడత ఊడి బ్యాట్ పట్టినవాడి కళ్ల ముందు ఆడుతుంది. వీల్లేదు."

"ఇంకో పిల్లాడి చొక్కా వేస్తాం."

"నంబరు మారుతుంది. వీల్లేదు."

"కత్తిరించేస్తాను అయితే!"

టాకెట్ ఆలోచించాడు. "కత్తిరించుకో. ఐదు నిమిషాలు."

మందుల పెట్టె బెంచీ చివర తెరిచి ఉంది. అందులో కట్లు కోసే కత్తెర. రస్క్ అటు తిరిగేలోపే కంచె అవతల మొదటి వరసలో కూర్చున్న డెల్ చెయ్యి చాచాడు. లేవలేదు, ముందుకి వంగనైనా లేదు. ఆ చెయ్యి కంచె మీదుగా వచ్చి, బెంచీ మీదికి దిగి, కత్తెర తీసుకుని, తిరిగి వెళ్లి జేబులో పెట్టుకుంది. డెల్ మాత్రం తన బూట్ల వంక చూస్తున్నాడు.

"ఏయ్ పొడుగోడా, ఇలా ఇవ్వు దాన్ని!"

"దేన్ని?" అన్నాడు డెల్.

"ఆటలాడకు! నాలుగు నిమిషాలే ఉంది!"

"నేను ఆడను సార్. పదిహేడేళ్లకే మానిపించారు."

ఎవరో వెనకనుంచి అరిచారు. "షానా దగ్గర ఉంటుందిగా కత్తెర! కుట్టేది ఆవిడే!"

మైదానంలో వాళ్లందరూ ఆమె వైపు తిరిగారు. వెస్టన్ కూడా. షానా ఒళ్లో చేతిసంచి ఉంది. ఆ సంచిలో కత్తెర లేని రోజు వాడు పుట్టినప్పటి నుంచి లేదు.

"షాపులో మర్చిపోయాను," అంది.

వెస్టన్ సంచి వంక చూశాడు. తల్లి మొహం వంక చూశాడు. వాడి కుడిచెయ్యి తొడ పక్కన వేలాడుతోంది. "అమ్మా," అన్నాడు. గట్టిగా కాదు, కానీ అంత దూరం నుంచీ ఆమెకి వినబడింది. షానా సంచిని రెండు చేతులా అదిమి పట్టుకుని కూర్చుంది. కళ్లు మాత్రం దించుకోలేదు.

"టైమైంది," అన్నాడు టాకెట్.

వెస్టన్ బదులు ఇంకో పిల్లాడు విసిరాడు. పదకొండు-రెండు స్కోరుతో ఓడిపోయారు. వారం తిరక్కుండానే రస్క్ పక్క ఊరి నుంచి ఇంకో కుర్రాణ్ణి తెచ్చుకున్నాడు. వాళ్ల నాన్న ఫోన్‌లో నోటికొచ్చినన్ని మాటలన్నాడు. షానా స్పీకర్ పెట్టి, చొక్కాలు కుట్టుకుంటూ విన్నది.

వెస్టన్ అరవలేదు. అరిస్తే బాగుండుననుకుంది. వాడు ఆమెతో మాట్లాడటమే మానేశాడు. ఏమన్నా కావాలంటే ఫ్రిజ్ మీద చీటీ అంటించేవాడు. ఎండాకాలమంతా ఆ ఇంట్లో చీటీలే. జూన్‌లో డెల్ వచ్చి వాణ్ణి చేపలు పట్టడానికి తీసుకెళ్లేవాడు. తన చెయ్యి గురించి మేనల్లుడికి ఏం చెప్పాడో షానాకి చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆగస్టులో వాడు కుడిచేత్తో తల దువ్వుకోవడం తలుపు సందులోంచి చూసి, వెనక్కి వచ్చి వంటింట్లో కూర్చుండిపోయింది. క్రిస్మస్ నాటికి చెయ్యి వెనక్కి వచ్చింది. అంతా కాదు. అరంగుళం మిగిలిపోయింది. అదిక ఎప్పటికీ అంతే.

మళ్లీ మార్చి వచ్చింది. ఒక ఆదివారం సాయంత్రం వాళ్ల నాన్న వాణ్ణి గుమ్మంలో దింపి వెళ్లాడు. షానా బంగాళాదుంపలు చిదుముతోంది. వెస్టన్ ఫోన్ మోగింది. రస్క్ గొంతు గదంతా వినిపిస్తోంది. కొత్త కుర్రాడికి మోచెయ్యి బాగోలేదట, వచ్చే శనివారం ఒక్క ఆట, ఒక్కటంటే ఒక్కటే.

షానా గరిట ఆపేసింది. ఏమీ అనకూడదనుకుంది.

వెస్టన్ చాలాసేపు విన్నాడు. "గురువారం మామయ్య జట్టుకి వేస్తున్నాను సార్," అన్నాడు. "శనివారం కుదరదు... లేదు సార్, నాన్న ఒప్పుకున్నా కుదరదు. చెయ్యి నాది కదా." ఫోన్ పెట్టేసి, గిన్నెలోకి తొంగి చూశాడు.

"నేనింకా నిన్ను క్షమించలేదు," అన్నాడు. పది నెలల తర్వాత ఆమెతో నోరు విప్పి అన్న మొదటి మాట.

"సరేరా," అంది షానా. "చేతులు కడుక్కునిరా."