గరిటె మొలిచిన బానెట్టు

నేను ఒక కారు బానెట్టును. రేకుదాన్ని కాను, ఫైబర్ దాన్ని. అలాగని చులకనగా చూడకండి. కాకినాడలో ఫైబర్ పడవలు అచ్చుపోసే షెడ్డులో పుట్టాను. నా తోబుట్టువులందరూ సముద్రం మీదికెళ్లారు, నా నుదుట మాత్రం వీరభద్రంగారి డొక్కు కారు రాసిపెట్టి ఉంది.

వీరభద్రంగారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. తనకు చేతకాని రిపేరు లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి ఆ ఇంట్లో మిక్సీ, రేడియో, గోడగడియారం అప్పటికే బలైపోయాయి. ఓ వేసవి గురువారం నా నెత్తిన కొబ్బరికాయ పడి అడ్డంగా పగిలాను.

ఆయన భార్య సీతారత్నంగారు లబలబలాడిపోయారు. శనివారం సామర్లకోటలో ఆవిడ అన్నయ్య గృహప్రవేశం. ఆ మహానుభావుడు నన్ను చూసినప్పుడల్లా "కోళ్లగూటి మూత" అని వెక్కిరించేవారు.

"ఈసారి ఆ గుమ్మం ముందు మన కార్లోనే దిగుతానండీ. బస్సెక్కాల్సొస్తే అసలు వెళ్లనే వెళ్లను" అని ఒట్టు పెట్టుకున్నారావిడ. అంటూనే కళ్లొత్తుకున్నారు. తోడబుట్టినవాడి ఇంట పాలు పొంగే వేళకు లేకపోతే ఎలా మరి!

శుక్రవారం పొద్దున్నే మాస్టారు రెజిన్ అనే జిగురు, హార్డెనరు, గాజుపీచు గుడ్డ తెచ్చారు. పగులు చుట్టూ గరుకు కాగితంతో రుద్దుతుంటే చక్కిలిగింతలతో చచ్చాను. "ఎండలు మండుతున్నాయి, హార్డెనరు తగ్గించండి మాస్టారూ" అని షెడ్డు మేస్త్రి చెప్పిన మాట ఆయన చెవికెక్కితేగా! వంటింట్లోంచి గుంటగరిటె ఎత్తుకొచ్చి, అందులోనే రెజిన్‌లో హార్డెనరు ధారాళంగా కలిపి, కారుతున్న గరిటెను నా మీదే పెట్టి బ్రష్షు అందుకున్నారు.

"ఆగండాగండి! పదిన్నరైపోయింది, రాహుకాలం వచ్చేసింది!" సీతారత్నంగారు పరుగెత్తుకొచ్చారు. "రేపు ప్రయాణం కట్టాల్సిన బండండీ. పన్నెండు దాటాక ముట్టుకోండి."

మాస్టారు బుద్ధిగా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగారు. రెజిన్‌కు పంచాంగం తెలియదు కదండీ! పావుగంటలో పొగలు కక్కి బిగుసుకుంది. పన్నెండింటికి ఆయన గరిటె పట్టుకుని లాగితే కారు కదిలింది గానీ గరిటె కదల్లేదు.

"ఓరి దేవుడో, నా పులుసు గరిటె!" సీతారత్నంగారు గొల్లుమన్నారు. కాసేపటికి తేరుకుని, "ఇంతకీ ఆ హార్డెనరంటే ఏంటండీ?" అన్నారు.

"రెజిన్‌ను గట్టిపరిచేదే."

"అంటే పాలకి తోడు లాంటిదేగా! ఎండాకాలంలో ఎవరైనా అంత తోడేస్తారా? ఇలా తెండి!"

కొంగు దోపి, డబ్బాలో మిగిలిన రెజిన్‌లో ఆవిడే నాలుగు చుక్కలు వేసి కలిపారు. సాయంత్రానికి నా పగులు చక్కగా అతుక్కుంది. గరిటె మాత్రం రాలేదు.

శనివారం గరిటెతోనే బయల్దేరాం. అన్నయ్యగారు ఎదురొచ్చి నా మీదికి వంగారు. అయిపోయింది నా పని అనుకున్నాను. గరిటె కాడ ఎండలో తళతళలాడుతోంది.

"ఏంటి బావా, బానెట్టు మీద ఇలాంటి బొమ్మలు పెద్ద పెద్ద కార్లకే ఉంటాయి కదా! ఎక్కడ కొన్నావేంటి?"

మాస్టారు గబగబా డిక్కీ వైపు నడిచారు. సీతారత్నంగారు మాత్రం తలెగరేసి కారు దిగారు. "బజార్లో దొరకదన్నయ్యా. ఇంట్లోదే."

ఆ కారు తుక్కుకి పోయి చాలా ఏళ్లయింది. అన్నయ్యగారి నోటి చలవ, ఇప్పుడు నేను పెరట్లో నిజంగానే కోళ్లగూటి మూతను. సీతారత్నంగారు రోజూ పొద్దున్నే గరిటె కాడ పట్టుకుని నన్ను పైకెత్తి, గుడ్లు తీసుకుని, ఆనాటి అన్నయ్య మొహం తలుచుకుని నవ్వుకుంటారు. ఆ గరిటె ఊడదీస్తానని మాస్టారు రంపం పట్టుకుని ఎప్పుడొచ్చినా సరే, "ఇప్పుడొద్దండీ, రాహుకాలం" అంటారావిడ.