అట్టల బల్ల

బడులు తెరవడానికి వారం ముందు అక్క తమ గుమ్మం పక్కన బల్ల వేసి, ‘పుస్తకాలకు అట్టలు వేయబడును’ అని రాసిపెట్టింది. ఆమెకు పన్నెండేళ్లు. గంటకు నాలుగు పుస్తకాలే అయినా, మూలలు గీత గీసినట్టు ఉండేవి. మొదటిరోజే పై అంతస్తు నర్సు ఆంటీ తన చిన్నకొడుకు పుస్తకాలిచ్చింది.

మర్నాడు పొద్దున మెట్ల దగ్గర ఇంకో బల్ల వెలిసింది. దాని మీద ‘సగం ధరకే’ అనే కాగితం, వెనక తొమ్మిదేళ్ల చెల్లెలు. ఆగకుండా వాగుతుందని ఇంట్లో అందరూ ఆమెను వసపిట్ట అంటారు.

“నా పని నువ్వెందుకు చేస్తున్నావే?”

“అట్టలెయ్యడం నీ ఒక్కదాని సొత్తా?”

“అమ్మా, దీన్ని చూడవే!”

అమ్మ కుట్టుమిషను మీద నుంచి తలెత్తలేదు. “మీ గోలతో నా బుర్ర వాచిపోతోంది. మీరే తేల్చుకోండి.”

వసపిట్ట మూడంతస్తులూ తిరిగి సాయంత్రానికి నలభై పుస్తకాలు మోసుకొచ్చింది. అక్క బల్ల వైపు తొంగిచూసినవాళ్లు లేరు.

మూడోరోజు నర్సు ఆంటీ, వసపిట్ట అట్టలేసిన తన పెద్దకూతురి పుస్తకాలు నాలుగు తెచ్చి అక్క ముందు పడేసింది. అట్టలు అప్పుడే ఊడిపోయాయి. లెక్కల పుస్తకం మొదటి పేజీ జిగురుకు అతుక్కుపోయింది.

“ఇవి నేను వేసినవి కావు ఆంటీ!”

“ఎవరు వేస్తే ఏంటమ్మా? గుమ్మం ఒకటేగా. ఇవి బాగుచేసి పంపండి. మావాడివి మాత్రం ఇచ్చెయ్.”

అక్క విసురుగా లోపలికి వెళ్లింది. వసపిట్ట పుస్తకాల గుట్ట మధ్య కూర్చుని వెక్కుతోంది. కాగితమంతా పొట్టిగా కత్తిరించేసింది.

“సగం ధర అన్నావే, కాగితానికి ఎంతయిందో చూసుకున్నావా?”

“కాగితానికే... ఎక్కువైంది.”

“నా ఖర్మ!”

ఆమెను అలాగే వదిలేయాలనిపించింది. కానీ తిట్లు పడేది తన గుమ్మానికే. అక్క కూర్చుని, తడిగుడ్డతో అతుక్కున్న పేజీని మెల్లగా విడదీసింది. “చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు వదిలి కత్తిరించు. నోరు మూసుకుని మడతపెట్టు.” వసపిట్ట మడతపెట్టింది గానీ నోరు మాత్రం మూయలేదు.

సాయంత్రం నాలుగు పుస్తకాలూ పట్టుకుని పైకి వెళ్లారు. తలుపు తెరుచుకోగానే అక్క పుస్తకాలు ముందుకు చాపింది.

“తప్పు నాదే ఆంటీ. అక్క మళ్లీ వేసింది, డబ్బులొద్దు,” అంది వసపిట్ట.

నర్సు ఆంటీ మూలలు లాగి చూసింది. లోపలికెళ్లి చిన్నకొడుకు పుస్తకాలు మళ్లీ తెచ్చింది. “వీటికెంత?”

వసపిట్ట తడుముకోకుండా అక్క ధరకంటే ఎక్కువే చెప్పింది. నర్సు ఆంటీ సరేనంది.

“ఎవర్నడిగి చెప్పావే ఆ ధర?” మెట్లు దిగుతూ అక్క పళ్లు నూరింది.

“అంత బాగా వేస్తూ అంత తక్కువ తీసుకుంటారా ఎవరైనా?”

అక్క ఇంకో నాలుగు మెట్లు దిగి ఆగింది. “రేపట్నుంచి ఒకే బల్ల. ధర ఇద్దరం కలిసి చెప్పాలి.”

“సరే. కానీ కుర్చీ నాది.”

అక్క తల పట్టుకుంది.