టుంపా మొలగంట

మగవాళ్ళు పొలాలకు పోయి, ఆడవాళ్ళు పొయ్యి ముందు కూర్చునే వేళకి నేను వసారాలో చేరి పక్కింటి గంట వింటూ ఉంటాను. కోహినూర్ తన కూతురు టుంపా నడుముకి కట్టిన చిన్న ఇత్తడి గంట అది. పిల్ల ఎటు తప్పటడుగులు వేసినా తల్లికి వినబడాలని కట్టింది.

నా కొడుకు మింటూ మా పెరటి కుంటలో పడింది కూడా ఈ వేళలోనే. నేను చేపలు తోముతున్నాను. పైకి తీసినప్పుడు ఒళ్ళు వెచ్చగానే ఉంది. మోక్తార్ చాచా వాణ్ణి నెత్తిన పెట్టుకుని నీళ్ళు కక్కేదాకా అంటూ గిరగిరా తిప్పాడు. మా బారిసాల్ పల్లెల్లో అందరూ చేసేది అదే. ఆయన అలిసిపోయేసరికి నా బిడ్డ చల్లబడిపోయాడు.

తర్వాత పట్నం నుంచి ఆరోగ్యం వాళ్ళు వచ్చారు. రబ్బరు బొమ్మను పడుకోబెట్టి నోట్లో ఊపిరి ఊదడం, గుండె మీద నొక్కడం నేర్పారు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వి ఇళ్ళకు పోయారు. నేను మాత్రం వాళ్ళు సామాను సర్దుకునేదాకా ఆ బొమ్మను వదల్లేదు.

మా కుంట చుట్టూ వెదురు దడి కట్టాను. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటోంది జొబేదా" అన్నారు ఊళ్ళోవాళ్ళు. అననీ. నా భర్త చేపల పడవ మీద సముద్రంలోకి పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. ఇంట్లో పలకరించడానికి పిల్లి కూడా లేదు.

"పొద్దుటిపూట టుంపాను నా దగ్గర వదులు" అని కోహినూర్‌ను ఎన్నిసార్లు అడిగానో.

"ఏమీ అనుకోకు భాబీ. నీళ్ళు మింగిన పిల్లాడి తల్లి చేతికి ఇంకో బిడ్డనిస్తే, నీళ్ళు ఆ బిడ్డనీ అడుగుతాయంట. మా అత్త నన్ను బతకనిస్తుందా? గంట కట్టాను గదా!"

"గంట ఈత కొడుతుందా కోహినూర్?"

అది మూతి తిప్పుకుంది. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

ఒక పొద్దున గంట ఆగిపోయింది. పిల్ల నిద్రపోయిందేమో అనుకోబోయి, మనసొప్పక పరుగెత్తాను. కోహినూర్ గుమ్మడికాయ తరుగుతోంది.

"టుంపా ఏదే?"

"ఇందాకటిదాకా ఇక్కడే..."

వాళ్ళ కుంటలో గుర్రపుడెక్క ఆకుల మధ్య ఎర్ర గౌను కనబడింది. దూకి పిల్లను గట్టు మీదకు తెచ్చాను. అప్పటికే జనం, వాళ్ళలో మోక్తార్ చాచా.

"ఇటియ్యవే, తిప్పుతాను!"

"ముట్టుకుంటే కొరుకుతా చాచా!"

"దీనికి పిచ్చి బాగా ముదిరింది. లాగండర్రా!"

ఎవరో నా భుజం పట్టుకున్నారు. కోహినూర్ నా మొహంలోకి చూసింది, చాచా వైపు చూసింది. ఉన్నట్టుండి ఆయన కాళ్ళకు అడ్డంపడింది.

"వద్దు చాచా! భాబీని చెయ్యనీ!"

ఊదాను, నొక్కాను, మళ్ళీ ఊదాను. అల్లా, దీన్నయినా ఇవ్వు అని లోపల అరుస్తూనే ఉన్నాను. టుంపా దగ్గింది. నీళ్ళు కక్కి, గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపంత తియ్యని చప్పుడు నేనెన్నడూ వినలేదు. వెంటనే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు.

సాయంత్రానికి ఊళ్ళో కొత్త మాట పుట్టింది. జొబేదాకీ కుంటకీ ఏదో ఒప్పందం ఉందట, అందుకే కుంట పిల్లను వదిలిందట. నవ్వాను. అలాంటి ఒప్పందమే ఉంటే నా కొడుకుని వదులుకునేదాన్నా?

పిల్ల ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు పక్కింట్లో గంట మోగలేదు. అమ్మమ్మగారింటికి పంపేసి ఉంటారనుకున్నాను. ఇంతలో నా దడి తలుపు కిర్రుమంది. కోహినూర్ టుంపాను నా ఒళ్ళో కూర్చోబెట్టింది.

"మీ అత్తో?"

"అరుస్తోంది. అరవనీ. వంటయ్యాక వస్తా భాబీ."

కళ్ళముందున్న బిడ్డకు గంటెందుకని విప్పేశాను. ఇద్దరం మరమరాలు తిన్నాం. టుంపా నా ముక్కు పట్టుకుని లాగింది, నా ఒళ్ళోనే నిద్రపోయింది. మధ్యాహ్నం తల్లి వచ్చి ఎత్తుకుపోయింది.

గంట నా దగ్గరే ఉండిపోయింది. మింటూ చొక్కా వేలాడే మేకుకి తగిలించాను. సాయంత్రం గాలికి అది మోగినప్పుడల్లా లేచి వసారాలోకి వెళ్ళి చూశాను.