జానెడు సందు

పొద్దున్నుంచి అలివేలమ్మ మూడుసార్లు వాకిలి ఊడ్చింది. మూడోసారికి అక్కడ చెత్తే లేదు, అయినా చీపురు ఆగలేదు. పద్మజ వస్తోంది మరి. సినిమాలకు సెట్లు వేసే ఆర్ట్ డైరెక్టర్ పద్మజ, వనపర్తి ఆడపడుచు, హైదరాబాదులో ఇప్పుడు పెద్ద పేరు. అంతటి మనిషి కెమెరాను వెంటబెట్టుకుని గద్వాలలో తమ ఇంటికే వస్తానంటే ఏ ఇల్లాలైనా ఎగిరి గంతేయాలి. అలివేలమ్మ మాత్రం ఆ కారు దారిలోనే ఆగిపోతే బాగుండని మొక్కుకుంటోంది.

అంతా ఆ వీడియో తెచ్చిన తంటా. 'నా ఇల్లు, నా ఇష్టాలు' అని పద్మజ తన ఇంటిని తిప్పి చూపిన వీడియో. గోడలకు ఎర్రమట్టి రంగే ఉండాలట. సోఫా అంటే పడదట, నులకమంచం కావాలట. కాఫీ స్టీలు గ్లాసులోనే తాగుతుందట. కొల్లాపూర్ మామిడిపండు ముక్కలు కోసి పెడితే ముట్టదట, పిసికి చీకాల్సిందే. చేసినవాళ్ల చేతిగుర్తు కనబడని వస్తువును గుమ్మం దాటనివ్వదట. ఉన్నోళ్ల ముచ్చట్లు అని అలివేలమ్మ నవ్వుకునేదే. కానీ చివర్లో పద్మజ కిటికీ ముందు ఆగింది. అక్కడ కర్ర చట్రానికి బిగించిన చీర ఉంది. వంకాయరంగు నూలు చీర, ఆకుపచ్చ పట్టు అంచు. చీరకూ అంచుకూ నడుమ ఒకచోట జానెడు మేర సందు. ఆ సందులోంచి ఎండ సన్నగా నేల మీద పడుతోంది.

"నేను కాలేజీల ఉన్నప్పుడు మా అమ్మ తెచ్చుకున్న చీర ఇది. డ్యామేజీ అని ఎవ్వరు కొనలేదట. డిజైన్ అంటే ఏందో నాకు నేర్పింది ఈ సందే. నేసిన మనిషి ఇక్కడ జర ఆగి ఊపిరి తీసుకున్నడు. ఆ ఊపిరే నా ఇంట్ల ఉన్నది" అంది పద్మజ.

ఊపిరి కాదు తల్లీ, ఉక్రోషం. అలివేలమ్మ ఫోను బోర్లా పెట్టింది. తర్వాత మళ్లీ తీసి చూసింది. అలా ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలియదు. ఈలోపు పద్మజ, చీరలు కొని అమ్మే సావుకారును పట్టుకుని అది నేసిన ఇంటి ఆచూకీ తీసింది.

గద్వాల చీరకు నడుమ నూలు, పక్కన పట్టు అంచు. అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె దేనిది దానికే. అందుకే వాళ్ల మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారు. మొగుడు నాడె విసిరితే వచ్చిన నూలు పోగును అంచు దగ్గరున్న పెళ్లాం తన పట్టు పోగుతో మెలివేసి అందుకోవాలి. మెలి వేయకపోతే చీర చీరే, అంచు అంచే. బాలరాజు, అలివేలమ్మ పెళ్లైన నాటి నుంచి అలా నేస్తున్నవాళ్లే.

పదిహేనేళ్ల కింద ఒకనాడు ఆడబిడ్డ ముందు బాలరాజు నోరు జారాడు. "దీని చెయ్యి ఉత్త మొద్దు. నేను సూసుకోబట్టి నడుస్తుంది" అన్నాడు. సరదాకే అన్నాడేమో, అలివేలమ్మకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు మగ్గం మీద ఇద్దరికీ మాటల్లేవు. మూతి ముడుచుకున్న పెళ్లాం వైపు అతను మెడ కూడా తిప్పలేదు. నా చేయి మొద్దు కదా, అది లేకుంటే ఏమవుతుందో చూడు, అని ఆమె మెలి వేయడం మానేసింది. పోగు వచ్చింది, వదిలేసింది. మళ్లీ వచ్చింది, మళ్లీ వదిలేసింది. ఇప్పుడు చూస్తాడు, తిట్టడానికైనా నోరు విప్పుతాడు అనుకుంది. జానెడు నేసినా అతను ఇటు చూడలేదు. చివరికి ఆమెకే భయమేసి మెలి పట్టుకుంది. నేసిన మేర మగ్గం కర్రకు చుట్టుకుపోయింది, చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది.

సావుకారు చీరను వెలుతురుకు పట్టినప్పుడు గుట్టు బయటపడింది. పదిమంది ముందు బాలరాజు తల దించుకున్నాడు. పెళ్లాన్ని పల్లెత్తు మాట అనలేదు. "పోగు గుంజుడు నాది. నా చెయ్యే తప్పింది" అన్నాడు. తిరుమల స్వామికి గద్వాల నుంచి పోయే జోడు పంచెలు నేయడానికి దీక్ష మగ్గం మీద కూర్చోమని ఆ ఏడే అతనికి పిలుపొచ్చింది. వాళ్ల నాయన కూర్చున్న చోటు అది. "తప్పువడ్డ చెయ్యి దేవుని బట్టకు పనికిరాదు" అని బాలరాజు వెళ్లలేదు. మళ్లీ ఎవరూ పిలవలేదు. చెబుదామని నోరు తెరవడం, అతని మొహం చూసి మూసుకోవడం, అలివేలమ్మకు పదిహేనేళ్లుగా ఇదే పని.

పదకొండింటికి కారు ఆగింది. పద్మజ చెప్పులు విప్పి లోపలికొచ్చింది. ఆమె కోసమని ముందుగదికి వేయించిన పిస్తా రంగు పెయింటును చూడనట్టే దాటేసి, మగ్గం గదిలో మసిబారిన గోడను మురిపెంగా తడిమింది. పక్కింటి నుంచి అడిగి తెచ్చిన కుర్చీ అలాగే ఉండగా నేల మీద కూర్చుంది. పెయింటు దండగైందని ఆ పరేషాన్‌లోనూ అలివేలమ్మకు చిరాకేసింది.

కెమెరా పట్టే చరణ్ సైగ చేశాడు. పద్మజ చట్రం నుంచి విప్పి తెచ్చిన చీరను సంచిలోంచి తీసి చాప మీద పరిచింది.

"బాలరాజన్నా, ఈ సందు ఎట్ల తీసినవ్? గిట్లాంటివే ఇరవై నేసియ్యాలె. హైదరాబాదుల ఎగ్జిబిషన్ పెడుతున్న, నీ పేరు మీదనే."

బాలరాజు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "అది పనితనం గాదమ్మా, నా చేతి తప్పు. తప్పును మళ్ల నేయుమంటే ఎట్ల నేస్త?"

"నాకైతే అదే అందమన్నా."

"నీ కిటికీకి అందమే ఉంటది. నాకు మాత్రం..." మాట మధ్యలోనే అతను మగ్గం వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ వీపును చూశాక అలివేలమ్మకు ఇక ఆగలేదు. "ఆయన తప్పు గాదు. నేనే ఇడిసిన. నన్ను మొద్దు అన్నడని, కావాలనే మెలి ఎయ్యలే."

పద్మజ చేయెత్తింది. "చరణ్, ఆపు."

బాలరాజు వెనక్కి తిరిగాడు. వంగి ఆ చీరను చేతిలోకి తీసుకున్నాడు. సావుకారు దగ్గర చూసిన నాటి నుంచి దాన్ని తాకడం ఇదే మొదలు. బొటనవేలిని సందు వెంట ఈ కొస నుంచి ఆ కొసకు జరిపాడు.

"చెయ్యి తప్పితే ఎగుడుదిగుడు ఉంటది. ఇది గీత గీసినట్టున్నది. ఆనాడే పట్టి సూస్తే తెలుస్తుండె. సిగ్గుకు సూడలే" అన్నాడు. మాట మామూలుగానే ఉంది, కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి.

పద్మజ ఖాళీ సంచిని అతని ముందుకు జరిపింది. "చీర నువ్వే ఉంచుకో అన్నా" అంది.

"వద్దమ్మా, నీ కిటికీకే ఉండనీ. ఊపిరి గీపిరి అని మాత్రం చెప్పకు."

"మరి ఆ ఇరవై?"

"దీనికి ఇరవైసార్లు గంత కోపం తెప్పియ్యాలె. నాతోని కాదు."

చరణ్ కిసుక్కున నవ్వి, ఎవరూ నవ్వకపోయేసరికి కెమెరా సర్దుకోవడంలో పడ్డాడు.

కారు వెళ్లిపోయింది. అన్నం పెడితే బాలరాజు తిని, మగ్గం గదిలోకి వెళ్లిపోయాడు. అలివేలమ్మ గిన్నె తోమింది, తోమిందే మళ్లీ తోమింది. కొడితే బాగుండు, అరిస్తే బాగుండు అనుకుంది. కాసేపటికి మగ్గం గదిలోంచి పిలుపు వినిపించింది.

"ఏమే, రావా? సగం చీర అట్లనే ఉన్నది."

వెళ్లి అంచు దగ్గర తన చోట కూర్చుంది. "ఏమయ్యా, నన్ను ఏమన్న అను" అంది.

"ఏమనాలె? నాయన కూసున్న మగ్గం నాకు మళ్ల వస్తదా?"

నాడె విసిరాడు. ఆమె పోగును అందుకుని మెలివేసింది. రెండో నాడె రాలేదు. ఎందుకా అని తలెత్తి చూస్తే, బాలరాజు మెడ తిప్పి ఆమె వేళ్లనే చూస్తున్నాడు. మెలి పడిందని చూసుకున్నాకే నాడె విసిరాడు. మళ్లీ ఆగాడు, మళ్లీ చూశాడు.

ఆనాడు ఒక్కసారి ఇటు చూస్తే చాలని ఆమె ఎంత తపించిందో! ఇప్పుడు ప్రతి పోగుకూ చూస్తున్నాడు. ఆ చూపు కిందనే అలివేలమ్మ ఒక్కో పోగునూ పట్టి మెలివేస్తోంది.