వల పట్టినవాళ్ళ పేరు

బాస్ అనే మంచినీటి చేపల్ని గాలంతో పట్టే పందెంలో పడవ ముందు సీట్లో నిలబడ్డవాడిదే రాజ్యం. ఎక్కడా రాసి లేకపోయినా, రాసిపెట్టిన నియమాలకంటే ఇదే గట్టిగా నడుస్తుంది. చిన్న మోటారు పెడలు అతని కాలికింద ఉంటుంది. అతను ఏ గట్టుకు పోనిస్తే వెనక సీటూ ఆ గట్టుకే పోవాలి. అతని ఎర ముందుగా తిరిగొచ్చిన నీళ్ళలోనే వెనకవాళ్ళు గాలం వేసుకోవాలి. ట్వైలా మెక్‌అడూ తొమ్మిదేళ్ళుగా హోయ్ట్ బ్రాసెల్ పడవలో వెనక సీట్లో కూచుంటోంది. ఏనాడూ బాధపడలేదు. ఈ అక్టోబరు శనివారం మాత్రం పొద్దున ఎనిమిదింటికే ఆమెకు ఒళ్ళు మండడం మొదలైంది.

హోయ్ట్‌కు డెబ్బై దాటాయి. కోల్డర్ రిజర్వాయరు గట్టున గాలాలూ ఎరలూ అమ్మే కొట్టు ఆయనది. ట్వైలా స్కూలు బస్సు నడుపుతుంది. తొమ్మిదేళ్ళ కింద ఆ కొట్లోకి వెళ్ళి, ఏ రంగు ఎర బాగుంటుందని అడిగింది. "రంగు తరవాత సంగతి. ముందు నీ చెయ్యి చూపించు" అన్నాడాయన. అప్పటినుంచి ఆమెకు తెలిసిందంతా ఆయన నేర్పిందే. మబ్బు పడితే ఏ ఎర కట్టాలి, నీళ్ళు తేటగా ఉంటే దారం ఎంత సన్నగా ఉండాలి, ఎర ఎప్పుడు లాగాలి, ఎప్పుడు వదిలెయ్యాలి, గాలానికి చిక్కిన చేప కింద చేతివల ఎలా పట్టాలి, అన్నీ. ఆమెకే కాదు, ఆ క్లబ్బులో సగంమందికి ఆయనే గురువు.

ఏడాది పొడుగునా జరిగిన పందేలలో ఆ ఇద్దరే మొదటి స్థానంలో సమానంగా నిలిచారు. అలబామా రాష్ట్ర పోటీకి క్లబ్బు పంపేది ఒక్కరినే. ఈరోజు ఎవరి ఐదు చేపలు ఎక్కువ తూగితే వాళ్ళే వెళ్తారు. ఈ చివరి పందేనికి మాత్రం ఎవరు ఎవరి పడవ ఎక్కాలో టోపీలో చీటీలు వేసి తీస్తారు. ఖర్మకాలి ఆ ఇద్దరి పేర్లూ కలిసే వచ్చాయి.

"మళ్ళీ తీద్దామా?" అన్నాడు క్లబ్బు కార్యదర్శి బఫర్డ్.

హోయ్ట్ నవ్వేశాడు. "ఎందుకయ్యా? మా పిల్ల నా పడవలో కాక ఇంకెవడి పడవలో ఎక్కుతుంది?"

ఆ మాటకు ట్వైలా పొంగిపోయింది. అదీ ఆమె చేసిన తెలివితక్కువ పని.

పొద్దున మొదటి గట్టుకు చేరగానే హోయ్ట్ పడవ ముక్కును ఒడ్డుకు నేరుగా తిప్పి నిలిపాడు. ఆయన ముందు నీళ్ళలో పడిన చెట్లూ, తూటికాడలూ, చేపలు నక్కే చోట్లన్నీ ఉన్నాయి. ట్వైలా ముందు ఖాళీ నీళ్ళు తప్ప ఏమీ లేదు.

"మిస్టర్ హోయ్ట్, కాస్త పక్కకు తిప్పుతారా? నాకు నడినీళ్ళే దొరుకుతున్నాయి."

"గాలి తోసేస్తోందమ్మా. ఏం చెయ్యను?"

గాలా? నీళ్ళమీద రాలిన ఆకు రాలినచోటే ఉంది. రెండో గట్టు దగ్గరా ఇదే తంతు. మూడో గట్టు దగ్గర ఆమె అడగడం మానేసింది. పళ్ళు కొరుక్కుంటూ, నీళ్ళలోకి మునిగి ఊగుతూ వచ్చే చెక్కచేప ఎరను గాలానికి కట్టి, మీదకొచ్చిన కోపమంతా రీలుమీద చూపించింది. మంచి చేపే ఒకటి దాని వెనక పడి పడవదాకా వచ్చింది. ఆమెను చూసి వెనక్కి తిరిగిపోయింది.

"అంత కోపంగా చుడితే చేపేం చేస్తుంది పిల్లా, పరిగెత్తి పారిపోతుంది" అన్నాడు హోయ్ట్, వెనక్కి తిరక్కుండానే.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అందులోనూ ఆ మాట నిజం కావడం మరీ మంటగా ఉంది. కూచుంది. చెక్కచేపను కత్తిరించి పడేసింది. ముందున్న మనిషిని చూసింది. ముసలాయన ఈరోజు ఎన్నడూ లేనంత వేగంగా చుడుతున్నాడు. ఒక్కచోట రెండోసారి వెయ్యడంలేదు, ఆమెకు ఏమీ మిగలకూడదని గట్టంతా ఊడ్చేస్తున్నాడు. ఆ వేగానికి చేపలు చాటునుంచి బయటికొస్తాయి, చూస్తాయి, అందుకోలేక అక్కడే ఆగిపోతాయి. ఆగిన చేపకు పరిగెత్తే ఎర అక్కర్లేదు.

ఊదారంగు రబ్బరు వానపామును బరువేమీ లేకుండా సన్నదారానికి కట్టింది. హోయ్ట్ ఎర దాటిపోయిన చోటే వేసింది. వేసి ఊరుకుంది. ఊరుకోవడమే అన్నిటికన్నా కష్టం. కోపంలో ఉన్నవాళ్ళకు మరీను. వానపాము తనంతట తాను మునగాలి. దారం వదులుగా ఉండాలి. ఇరవైదాకా లెక్కపెట్టాలి. లెక్క పదిహేడు దగ్గరుండగా దారం చిన్నగా పక్కకు జరిగింది. వదులంతా చుట్టి ఒక్క గుంజు గుంజింది.

పదకొండింటికల్లా ఆమెకు నాలుగు చేపలయ్యాయి. వలతో పనిలేకుండా నాలుగింటినీ దారంతోనే పడవలోకి ఎత్తుకుంది. హోయ్ట్‌కు ఐదూ నిండాయిగానీ అన్నీ బక్కవే. పడవ అడుగున నీళ్ళతొట్టికి నడిమధ్య అడ్డు ఉంటుంది, ఎవరి చేపలు వాళ్ళవైపు. మూత తెరిచినప్పుడల్లా ఇద్దరూ రెండువైపులా చూశారు. ఆమె నాలుగే ఆయన ఐదింటికంటే కాస్త ఎక్కువ తూగుతాయని ఇద్దరికీ అర్థమైంది.

 ఆ తరవాత హోయ్ట్ ఉడకబెట్టిన వేరుశెనక్కాయల పొట్లం విప్పి వీపు ఇటు పెట్టుకునే తిన్నాడు. తొమ్మిదేళ్ళలో ఆయన ఒక్కడే తినడం ఆమె చూడలేదు.

మధ్యాహ్నం పాత వంతెన స్తంభాల దగ్గర ఆమె వానపాము అడుగుకు చేరకముందే దారం బిగిసింది. గాలంకర్ర విల్లులా వంగింది. చేప ఒక్కసారి నీళ్ళపైకి ఎగిరి నోరు తెరిచి తల విదిలించింది. ఆరు పౌన్లకు తగ్గదు. ఇక అడిగేవాళ్ళు లేరు, రాష్ట్ర పోటీ ఆమెదే.

"వల! మిస్టర్ హోయ్ట్, వల!"

ఆయన నింపాదిగా లేచాడు. ఆమె మెల్లగా, తొందరపడకుండా, చేపను అలసిపోనిచ్చి పడవ పక్కకు తెచ్చింది. చేప పక్కకు వాలిపోయింది. వల నీళ్ళలో ముంచిపెట్టి తల దానంతట అదే లోపలికొచ్చేదాకా ఆగాలి. హోయ్ట్ వలను పైనుంచి, తోకవైపునుంచి కొట్టాడు. వల అంచు దారానికి తగిలింది. టప్పుమంది.

"అయ్యయ్యో! ఎండ కళ్ళలో పడిందమ్మా" అన్నాడు హోయ్ట్.

ఎండ ఆయన వీపుమీద ఉంది.

ట్వైలా తెగిన దారం పట్టుకుని అలాగే నిలబడింది.  "ఎండా? తోకవైపునుంచి పోకూడదని నాకు చెప్పిందెవరు? దారం తాకితే వేళ్ళు విరగ్గొడతానని మమ్మల్నందర్నీ తిట్టిందెవరు? నీ కళ్ళు చేపమీద లేవు హోయ్ట్. దారంమీద ఉన్నాయి. నేను చూశాను."

మిస్టర్ లేకుండా ఆమె ఆయన్ని పిలవడం అదే మొదలు. ఆయన వలలోని నీళ్ళు దులుపుతూ, "పొరపాట్లు అందరికీ జరుగుతాయి" అని గొణిగాడు. ఫిర్యాదు చెయ్యాలంటే సాక్షి కావాలి. పడవలో ఉన్నది ఇద్దరే. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆమెకూ తెలుసు. కొట్టుకు కొట్టు, పేరుకు పేరు ఉండి, ఇంత బతుకు బతికిన మనిషికి ఈ పాడుబుద్ధి ఎందుకు పుట్టిందో!

ఇంకో అరగంటలో పందెం ముగుస్తుందనగా హోయ్ట్ గాలం వంగింది. పెద్దది, ఆమె పోగొట్టుకున్నదానంత ఉంటుంది. చెక్కచేపకున్న రెండు కొక్కేలలో ఒక్కటే, అదీ పెదవి చివర తోలులో తగులుకుని ఉంది.

"వల, ట్వైలా! త్వరగా తల్లీ!"

ఆమె వల తీసుకుంది. వేలాడుతున్న రెండో కొక్కేనికి వల అంచు తగిలితే చాలు. చేప పోతుంది, రాష్ట్ర పోటీ తనకొస్తుంది, ఎవరూ ఏమీ అనలేరు. ఆ పని చెయ్యాలని ఆమెకు ఎంతగా అనిపించిందంటే, నోట్లో నీళ్ళూరాయి. కానీ అలా చేస్తే ఇద్దరూ ఒకటే అయిపోతారు. ముసలాయన ఇంటికి పోయి, చెల్లుకు చెల్లు అనుకుని హాయిగా నిద్రపోతాడు. ఆ నిద్ర ఆయనకు దక్కనివ్వకూడదనుకుంది. దయ కాదది. దయ ఆమె చుట్టుపక్కల ఎక్కడా లేదు.

వల నీళ్ళలో ముంచి పెట్టింది. ఆగింది. తల లోపలికొచ్చాక ఎత్తి చేపను ఆయన కాళ్ళదగ్గర పెట్టింది.

"ఇలా పడతారు" అంది.

ఆయన ముఖాన కత్తివేటుకు నెత్తుటిచుక్క లేదు. ఐదింటికి మించి ఉంచుకోకూడదు గనక చిన్నదొకటి నీళ్ళలోకి వదిలేశాడు. పడవ రేవు వైపు తిప్పి, సగం దూరం వెళ్ళాక మోటారు ఆపాడు. తొట్టి మూతమీద చెయ్యి వేశాడు. "పెద్దదాన్ని వదిలేస్తానమ్మా."

ట్వైలా బూటుకాలు మూతమీద పెట్టింది. "తెరిచావంటే వేళ్ళు నలుగుతాయి. వదిలేసి మంచివాడివైపోదామనా? తూకం వెయ్యి. పోటీకి వెళ్ళు. పోనియ్ పడవ."

రేవు దగ్గర క్లబ్బంతా తూకంబల్ల చుట్టూ మూగి ఉంది. హోయ్ట్ చేపలు పదమూడు పౌన్ల పైచిలుకు తూగాయి. ఈలలు, కేకలు. ఆ క్లబ్బులో చేప తూచాక వల ఎవరు పట్టారని అడగడం, వాళ్ళకూ చప్పట్లు కొట్టడం ఆనవాయితీ.

"వల పట్టిందెవరు హోయ్ట్?" మైకులో అరిచాడు బఫర్డ్.

"ట్వైలా" అన్నాడు హోయ్ట్. ఆ మాట పక్కవాళ్ళకు కూడా సరిగా వినపడలేదు. బఫర్డే గట్టిగా చెప్పాల్సొచ్చింది. అందరూ ఆమెవైపు తిరిగి చప్పట్లు కొట్టారు. తనమీద గెలిచినవాడికి వల పట్టిన మనిషని ఆడవాళ్ళు కళ్ళు కూడా ఒత్తుకున్నారు.

తరవాత ట్వైలా సంచి తూకానికెక్కింది. నాలుగు చేపలు, పది పౌన్లమీద కొంచెం.

"నీకెవరు పట్టారమ్మా?"

ఆమె మైకు అందుకుంది. "ఈ నాలుగూ నేనే ఎత్తుకున్నాను. ఐదోదానికి మిస్టర్ హోయ్ట్ పట్టారు."

మొదట ఎవరో నవ్వారు. తరవాత ఒక్కొక్కరే తూకంలో ఉన్న చేపల్ని చూశారు. మళ్ళీ చూశారు. వాళ్ళలో సగంమందికి వల పట్టడం నేర్పింది ఆయనే. వలలోకొచ్చిన చేప జారిపోకుండా ఎలా పట్టాలో చెప్పింది ఆయనే.

"మరి ఐదోదేదీ?" అన్నాడు బఫర్డ్.

"ఆయన్నే అడగండి" అని ట్వైలా మైకు తీసుకెళ్ళి హోయ్ట్ చేతిలో పెట్టింది.